కేంద్రకం ఒక్కటే, నమూనాలు ఇన్నెందుకు?

డిగ్రీ ఫిజిక్స్ పుస్తకంలో న్యూక్లియర్ ఫిజిక్స్ యూనిట్ తెరిస్తే రెండు పాఠాలు పక్కపక్కనే కనిపిస్తాయి. మొదటిది ద్రవబిందు నమూనా. కేంద్రకంలోని ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, క్షణం తీరిక లేకుండా గుద్దుకుంటూ ఉంటాయని అది చెబుతుంది. రెండోది కర్పర నమూనా, అంటే అందరూ షెల్ మోడల్ అనేది. అందులో అవే ప్రోటాన్లు, అవే న్యూట్రాన్లు పక్కవాటి ఊసు పట్టనట్టు వాటి వాటి కక్ష్యల్లో తిరుగుతుంటాయి. ఈ రెండూ ఒకేసారి నిజమెలా అవుతాయి? చాలా పుస్తకాలు దేని ఉపయోగం దానిదని ఒక్క వాక్యం రాసి తర్వాతి పాఠానికి వెళ్ళిపోతాయి. విద్యార్థి రెండూ బట్టీపట్టి పరీక్ష రాసేస్తాడు. సందేహం అలాగే ఉండిపోతుంది.

2023లో జపాన్‌లోని రికెన్ పరిశోధన సంస్థ నుంచి ఆక్సిజన్-28 వార్త వచ్చాక ఈ సందేహానికి ఇంకోటి తోడైంది. షెల్ మోడల్ లెక్క ప్రకారం చాలా గట్టిగా ఉండాల్సిన ఆ కేంద్రకం, తయారైన వెంటనే విడిపోయింది. అయితే షెల్ మోడల్ తప్పా? కాదు. ఎందుకు కాదో అర్థం కావాలంటే మొదటి సందేహం నుంచే మొదలుపెట్టాలి. దానికి సమాధానం 1950ల నుంచే ఉంది. కష్టమైనది కూడా కాదు, రెండు మూడు కూడికలతో తేలిపోతుంది.

ముందు కొలతలు

పరమాణువు మధ్యలో బరువంతా ఒక్కచోట ముద్దగా ఉంటుందని రూథర్‌ఫర్డ్ 1911లో తేల్చాడు. ఆ ముద్దే కేంద్రకం. 1932లో చాడ్విక్ న్యూట్రాన్‌ను కనిపెట్టాక లోపల ఏముందో స్పష్టమైంది: ధనావేశమున్న ప్రోటాన్లు, ఏ ఆవేశమూ లేని న్యూట్రాన్లు. రెండింటినీ కలిపి న్యూక్లియాన్లు అంటారు. పేరు పక్కన రాసే అంకె వీటి మొత్తం. సీసం-208 అంటే 82 ప్రోటాన్లు, 126 న్యూట్రాన్లు.

కేంద్రకాన్ని ఫెర్మీల్లో కొలుస్తారు. ఒక మిల్లీమీటరును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం ఫెర్మీ. కేంద్రకం వ్యాసార్థం కావాలంటే న్యూక్లియాన్ల సంఖ్యకు ఘనమూలం తీసి 1.2తో గుణిస్తే సరిపోతుంది. అల్యూమినియం-27కి 27 ఘనమూలం 3, కాబట్టి 3.6 ఫెర్మీలు. టెల్యూరియం-125కి 125 ఘనమూలం 5, కాబట్టి 6 ఫెర్మీలు. వ్యాసార్థం ఇలా ఘనమూలం వెంట పెరుగుతోందంటే, న్యూక్లియాన్లు చేరేకొద్దీ కేంద్రకం పెద్దదవుతోంది తప్ప చిక్కబడటం లేదన్నమాట. తేలికైనవి కొన్ని వదిలేస్తే అన్ని కేంద్రకాల లోపలి సాంద్రత దాదాపు ఒక్కటే. ఘన సెంటీమీటరుకు సుమారు 23 కోట్ల టన్నులు.

ఇంకొక్క మాట తెలిస్తే చాలు: బంధన శక్తి. కేంద్రకాన్ని పూర్తిగా విడదీసి న్యూక్లియాన్లన్నిటినీ దూరదూరంగా పెట్టడానికి ఎంత శక్తి కావాలో అదే బంధన శక్తి. దీన్ని మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల్లో, పొట్టిగా ఎంఈవీల్లో చెబుతారు. ఎక్కువ కేంద్రకాల్లో న్యూక్లియాన్ ఒక్కదానికి ఇది 8 ఎంఈవీల దగ్గర ఉంటుంది. కేంద్రకం పెద్దదైనా ఈ సగటు పెద్దగా మారదు. కారణం, న్యూక్లియాన్లను పట్టి ఉంచే బలం ఒకటి రెండు ఫెర్మీలు దాటితే పనిచేయదు. ప్రతి న్యూక్లియాన్ తన చుట్టూ ఉన్న కొద్దిమందితోనే బంధం పెట్టుకుంటుంది.

ద్రవబిందువు లెక్క: ఇనుము-56

సాంద్రత మారదు, ప్రతి కణానికీ పక్కవాటితోనే పని. నీటిబొట్టు లక్షణాలు ఇవే. ఈ పోలికను 1920ల చివర్లో జార్జ్ గామోవ్ ముందుకు తెచ్చాడు. దాన్ని 1935లో వైట్సేకర్ ఒక సూత్రంగా మలిచాడు. సూత్రంలో ఐదు అంశాలుంటాయి. విడివిడిగా చెప్పుకునే కన్నా ఇనుము-56 మీద లెక్క వేసి చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. ఇందులో 26 ప్రోటాన్లు, 30 న్యూట్రాన్లు.

న్యూక్లియాన్‌కి 15.8 ఎంఈవీల చొప్పున 56 న్యూక్లియాన్లకు 884.8. ఇది ఘనపరిమాణం వాటా. కానీ ఉపరితలం మీద ఉన్న వాటికి బయటివైపు పొరుగు లేదు, వాటి బంధం తక్కువ. అందుకోసం 267.9 తీసేయాలి. ప్రోటాన్లు విద్యుత్తు వల్ల ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, దానికి ఇంకో 121.3 పోతుంది. ప్రోటాన్లకన్నా న్యూట్రాన్లు నాలుగు ఎక్కువ. సంఖ్యలు సమానంగా లేకపోవడం వల్ల 6.6 తగ్గుతుంది. ప్రోటాన్లూ న్యూట్రాన్లూ సరిసంఖ్యలో ఉండి అన్నీ జంటలు కట్టాయి కాబట్టి 1.6 కలుస్తుంది. మొత్తం 490.6 ఎంఈవీలు. ప్రయోగాల్లో కొలిచిన విలువ 492.3.

వందలో అర వంతు తేడా కూడా లేదు. గుణకాలను కొలతల నుంచే తీసుకుంటారు, అందుకే పుస్తకానికీ పుస్తకానికీ అవి కాస్త మారుతుంటాయి. అయినా ఐదు గుణకాలతో వందలాది కేంద్రకాల బరువు ఇంత దగ్గరగా చెప్పగలగడం మామూలు విషయం కాదు.

ఈ నమూనా బలం అందరికీ తెలిసింది 1938 డిసెంబరులో. యురేనియంను న్యూట్రాన్లతో కొడితే బేరియం వస్తోందని బెర్లిన్ నుంచి రసాయన శాస్త్రవేత్త ఒట్టో హాన్ తన పాత సహచరి, భౌతిక శాస్త్రవేత్త లీజ్ మైట్నర్‌కు రాశాడు. ఆమె నాజీల బారి నుంచి తప్పించుకుని అప్పటికి స్వీడన్ చేరింది. క్రిస్మస్ సెలవుల్లో అక్క కొడుకు ఒట్టో ఫ్రిష్ ఆమె దగ్గరికి వచ్చాడు. ఇద్దరూ మంచులో నడకకు వెళ్ళి, పడి ఉన్న చెట్టు మాను మీద కూర్చుని, చేతికందిన కాగితం ముక్కల మీద లెక్కలు వేశారు. పెద్ద కేంద్రకంలో విద్యుత్ వికర్షణ ఉపరితల తన్యతను దాదాపు రద్దు చేస్తుంది. ఒక న్యూట్రాన్ తగిలినా బొట్టు సాగి, నడుము సన్నబడి, రెండుగా తెగిపోవచ్చు. యురేనియంలో సగటు బంధన శక్తి 7.6 దగ్గర, మధ్యరకం కేంద్రకాల్లో 8.5 దగ్గర. తేడా 0.9ని 236 న్యూక్లియాన్లతో గుణిస్తే 200 ఎంఈవీలకు పైనే వస్తుంది. ఆ రోజు వాళ్ళు వేసుకున్న అంచనా కూడా 200. కేంద్రక విచ్ఛిత్తి అర్థమైంది అప్పుడే. మరుసటి ఏడాది నీల్స్ బోర్, జాన్ వీలర్ దీన్నే పూర్తి సిద్ధాంతంగా రాశారు.

సీసం దగ్గర తప్పిన లెక్క

అదే సూత్రాన్ని సీసం-208 మీద వాడితే 1628.5 ఎంఈవీలు వస్తుంది. కొలిచిన విలువ 1636.4. సూత్రం చెప్పినదానికన్నా ఎనిమిది ఎంఈవీలు ఎక్కువ గట్టిగా ఉంది. శాతంలో చూస్తే చిన్నదే. కానీ ఒక న్యూట్రాన్‌ను పీకడానికి పట్టేంత శక్తి అది, దాన్ని పక్కన పెట్టలేం.

ఇలాంటి తేడాలు ఎక్కడ పడితే అక్కడ రావు. ప్రోటాన్ల సంఖ్యో న్యూట్రాన్ల సంఖ్యో 2, 8, 20, 28, 50, 82, 126 అయినప్పుడు వస్తాయి. వీటినే మ్యాజిక్ సంఖ్యలంటారు. 50 ప్రోటాన్లున్న తగరానికి స్థిరమైన ఐసోటోపులు (ప్రోటాన్లు అన్నే ఉండి న్యూట్రాన్ల సంఖ్య మారే రకాలు) పది ఉన్నాయి, పక్కనే ఉన్న యాంటిమొనీకి రెండే. సీసం-208 నుంచి ఒక న్యూట్రాన్‌ను లాగాలంటే 7.4 ఎంఈవీలు కావాలి. సీసం-209 నుంచి, అంటే 127వ న్యూట్రాన్‌ను లాగడానికి, 3.9 చాలు. 126 నిండగానే పట్టు సగానికి పడిపోతోంది. నీటిబొట్టుకు ఇలాంటి గుణం ఉండదు. ఒక అణువు ఎక్కువైనా తక్కువైనా బొట్టుకు పట్టింపు లేదు.

రసాయనశాస్త్రం చదివినవాళ్ళు దీన్ని వెంటనే గుర్తుపడతారు. హీలియం, నియాన్, ఆర్గాన్‌లలో ఎలక్ట్రాన్ కర్పరాలు నిండినప్పుడు జరిగేదీ ఇదే. 1930ల్లోనే వాల్టర్ ఎల్సాసర్ కేంద్రకంలో కూడా కర్పరాలు ఉన్నాయన్నాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. బోర్ ద్రవబిందువు అప్పుడు బాగా వెలుగుతోంది. పైగా ఎల్సాసర్ దారిలో లెక్క వేస్తే 2, 8, 20 దాకా సరిగ్గానే వచ్చి, తర్వాత 40, 70, 112 వచ్చేవి. ప్రయోగం చూపేవి 28, 50, 82, 126.

40కి 10 కలిపితే 50

ఈ చిక్కుముడి విప్పింది మరియా గోపర్ట్ మేయర్. గోటింగెన్‌లో డాక్టరేట్ చేసి, భర్తతో అమెరికా వెళ్ళింది. అక్కడ ఏళ్ళ తరబడి జీతం లేకుండానే పనిచేసింది. భార్యాభర్తలిద్దరినీ ఒకేచోట ఉద్యోగంలోకి తీసుకోకూడదన్న నిబంధన అప్పట్లో ఉండేది. 1948లో ఆమె మ్యాజిక్ సంఖ్యలకు ఆధారాలన్నీ ఒకచోట పేర్చి ప్రచురించింది. కారణం మాత్రం దొరకలేదు. అప్పుడు ఎన్రికో ఫెర్మీ ఒక ప్రశ్న వేశాడు: స్పిన్-ఆర్బిట్ బంధం ఉన్నట్టు సూచనలేమైనా ఉన్నాయా? తన వ్యాసానికి మూలం ఆ ప్రశ్నేనని ఆమె 1949లో అందులోనే రాసింది. అదే సమయంలో జర్మనీలో హాక్సెల్, యెన్సెన్, సూస్ విడిగా ఇదే జవాబుకు చేరారు.

సంగతేమిటంటే, న్యూక్లియాన్ కక్ష్యలో తిరుగుతూ తన చుట్టూ తానూ తిరుగుతుంది. దీన్ని స్పిన్ అంటాం. రెండు తిరుగుళ్ళూ ఒకే దిశలో ఉంటే కేంద్రకంలో శక్తి బాగా తగ్గుతుంది, ఎదురు దిశల్లో ఉంటే పెరుగుతుంది. పరమాణువులో ఎలక్ట్రాన్లకు ఈ తేడా అతి స్వల్పం. కేంద్రకంలో చాలా పెద్దది. దాంతో ఒక్కో కక్ష్య రెండుగా చీలి, ఒకే దిశ వాటా కింది గుంపులోకి దిగిపోతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. 20 తర్వాత వచ్చే కక్ష్యకు 14 స్థానాలు. అవి 8గా, 6గా చీలతాయి. ఆ 8 విడిగా కిందికి దిగితే 20కి 8 కలిసి 28. తర్వాత 40 పైన ఉన్న 18 స్థానాల కక్ష్య 10గా, 8గా చీలుతుంది. ఆ పది దిగితే 40కి 10 కలిసి 50. ఆపై 22 స్థానాలది 12, 10గా చీలి, 70కి 12 కలిసి 82. చివరగా 26 స్థానాలది 14, 12గా చీలి, 112కి 14 కలిసి 126. పదిహేనేళ్ళుగా కుదరని సంఖ్యలు ఒక్క ఊహతో వరసగా కుదిరిపోయాయి. మేయర్, యెన్సెన్ 1963లో నోబెల్ అందుకున్నారు. ఆ ఏడాది బహుమతిలో మిగతా సగం యూజీన్ విగ్నర్‌ది.

షెల్ మోడల్ కేంద్రకం స్పిన్‌ను, అంటే లోపలి తిరుగుళ్ళన్నీ కలిపిన మొత్తాన్ని కూడా, ముందే చెబుతుంది. ఆక్సిజన్-17లో 8 ప్రోటాన్లు, 8 న్యూట్రాన్లు నిండిన కర్పరాల్లో జంటలుగా ఉంటాయి. మిగిలిన తొమ్మిదో న్యూట్రాన్ చేరాల్సిన కక్ష్య స్పిన్ విలువ 5/2. కొలిస్తే మొత్తం కేంద్రకానికి వచ్చేదీ 5/2నే. ద్రవబిందువు ఈ ప్రశ్న గురించి ఏమీ చెప్పలేదు.

గుద్దుకోవాల్సినవి ఎందుకు గుద్దుకోవు

అసలు చిక్కు ఇక్కడే. న్యూక్లియాన్ల మధ్య దూరం రెండు ఫెర్మీల లోపు. వాటి మధ్య బలమేమో ప్రకృతిలో తెలిసినవాటిలోకెల్లా గట్టిది. ఇంత ఇరుకులో ఒక న్యూక్లియాన్ ఎవరికీ తగలకుండా కేంద్రకాన్ని చుట్టి రావడం ఎలా సాధ్యం? షెల్ మోడల్‌ను తొలిరోజుల్లో నమ్మనివాళ్ళ అభ్యంతరం ఇదే, న్యాయమైన అభ్యంతరం కూడా. కేంద్రక నమూనాల గురించి ఒకే ఒక విషయం గుర్తుపెట్టుకోవాలంటే నేను దీని జవాబునే ఎంచుకుంటాను.

పౌలీ నియమం ప్రకారం ఒక స్థితిలో ఒకే రకం కణం ఒక్కటే ఉండగలదు. కేంద్రకంలో స్థితులు అడుగు నుంచి సుమారు 37 ఎంఈవీల గతిజ శక్తి దాకా నిండి ఉంటాయి, ఆపైవి ఖాళీ. పండగ రోజుల్లో నిండిన రిజర్వేషన్ బోగీలో ఖాళీ బెర్తు లేక ఎక్కడివాళ్ళు అక్కడే ఉండిపోతారు కదా, ఇక్కడా అంతే.

లెక్కగా చూద్దాం. 20, 25 ఎంఈవీలున్న రెండు న్యూక్లియాన్లు గుద్దుకోబోతున్నాయి. మొత్తం 45. ఢీకొన్నాక 10, 35గా పంచుకోవాలంటే ఆ రెండు స్థితులూ నిండి ఉన్నాయి. 5, 40గా పంచుకుందామంటే 40 ఖాళీగానే ఉంది, 5 నిండి ఉంది. రెండూ ఖాళీ స్థితుల్లోకి వెళ్ళాలంటే ఒక్కోదానికి 37 దాటాలి, అంటే మొత్తం 74 దాటాలి. లోపలివి ఏ రెండు కలిసినా 74 దాటవు. కాబట్టి ఆ గుద్దుకోవడం జరగనే జరగదు. బలం ఎంత గట్టిదైనా దాని పనికి చోటు లేదు.

ఇప్పుడు బయటి నుంచి ఒక న్యూట్రాన్ వచ్చిందనుకోండి. లోపలికి రాగానే దాని గతిజ శక్తి 45 దాకా పెరుగుతుంది. 35 ఉన్న లోపలి న్యూక్లియాన్‌తో కలిస్తే మొత్తం 80. అది 39, 41గా చీలవచ్చు, రెండు స్థితులూ ఖాళీ. ఢీ జరుగుతుంది. అక్కడి నుంచి ఒకటి ఇంకోదాన్ని, అది మరోదాన్ని తాకుతూ వచ్చిన శక్తి అందరికీ పంచుకుపోతుంది. బోర్ ఊహించిన ద్రవబిందువు అదే.

అంటే నెమ్మదిగా ఉన్న కేంద్రకం షెల్ మోడల్‌లా, బయటి నుంచి శక్తి అందిన కేంద్రకం ద్రవబిందువులా నడుచుకుంటుంది. రెండింటి వెనక ఉన్నది ఒకే బలం, ఒకే నియమం. విక్టర్ వైస్‌కాఫ్ 1950ల మొదట్లో ఈ వాదన స్పష్టంగా చెప్పాడు. పాఠ్యపుస్తకాల్లో దీనికి కనీసం ఒక పేజీ ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం. ఇది లేకపోతే మిగతా యూనిట్ అంతా పొంతన లేని సూత్రాల జాబితాగానే మిగులుతుంది.

అలాగని షెల్ మోడల్ బొమ్మను అక్షరాలా నమ్మనక్కర్లేదు. పౌలీ నియమం ఆపేది శాశ్వతంగా స్థితి మారే ఢీలను. అతి కొద్దిసేపు రెండు న్యూక్లియాన్లు బాగా దగ్గరికొచ్చి, పెద్ద వేగంతో విడివడి, మళ్ళీ తమ చోటికి రావడాన్ని అది ఆపలేదు. అమెరికాలోని జెఫర్సన్ ల్యాబ్‌లో ఎలక్ట్రాన్లతో కార్బన్-12ను కొట్టి చూస్తే, ఏ క్షణంలోనైనా దాదాపు 20 శాతం న్యూక్లియాన్లు ఇలాంటి జంటల్లో ఉంటాయని, ఆ జంటల్లో అత్యధికం ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ కలిసినవేనని 2008లో తేలింది.

గుండ్రంగా లేని కేంద్రకాలు

మేయర్ నమూనాలో కేంద్రకం గుండ్రంగా ఉంటుంది. కానీ అరుదైన మృత్తికా మూలకాల్లో విద్యుదావేశం ఎలా పరుచుకుందో కొలిస్తే ఒక్క న్యూక్లియాన్ వల్ల రాగలిగేదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కోలదనం కనిపించింది. కొలంబియా విశ్వవిద్యాలయంలో చార్ల్స్ టౌన్స్ ఈ సంగతి మీద మాట్లాడుతుంటే విన్న జేమ్స్ రెయిన్‌వాటర్‌కు ఒక ఆలోచన వచ్చింది: బయటి కక్ష్యలో తిరిగే న్యూక్లియాన్లు లోపలి గుండ్రని భాగాన్ని కూడా లాగి సాగదీస్తే? ఆ ఏడాది అతని గదిలోనే కూర్చునే అతిథి పరిశోధకుడు నీల్స్ బోర్ కొడుకు ఓగే బోర్. ఓగే కోపెన్‌హాగెన్ తిరిగి వెళ్ళి బెన్ మాటెల్సన్‌తో కలిసి దీన్ని సమూహ నమూనాగా పెంచాడు. 1975 నోబెల్ ఈ ముగ్గురికీ వచ్చింది.

పూర్తి గుండ్రంగా ఉన్న కేంద్రకం మొత్తంగా తిరుగుతోందనడానికి క్వాంటం సిద్ధాంతంలో అర్థం లేదు, ఎటు తిప్పినా అలాగే ఉంటుంది కాబట్టి. కోలగా ఉన్నది తిరగగలదు. తిరిగేదాని శక్తి కోణీయ ద్రవ్యవేగం సంఖ్యను దాని తర్వాతి సంఖ్యతో గుణించినంతగా పెరగాలి. 2కి 6, 4కి 20, 6కి 42. యురేనియం-238లో మొదటి ఉత్తేజిత స్థాయి 44.9 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరుంది. సూత్రం ప్రకారం తర్వాతిది 149.7 దగ్గర, ఆపైది 314.3 దగ్గర రావాలి. కొలిచినవి 148.4, 307.2. పైకి పోయేకొద్దీ కొంచెం తగ్గుతున్నాయి. వేగం పెరిగేకొద్దీ కేంద్రకం తిరుగుడు మీద జడత్వం పెరుగుతుండటమే దీనికి కారణం.

దీన్ని సీసం-208తో పోల్చండి. అందులో మొదటి ఉత్తేజిత స్థాయికి 2615 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి, యాభై రెట్లకు పైగా. నిండిన కర్పరాలున్నవి గుండ్రంగా, బిగువుగా ఉంటాయి. సగం నిండినవి కోలగా సాగి, చిన్న శక్తికే తిరగడం మొదలుపెడతాయి.

ఈ స్థాయిలన్నీ బీటా, గామా కిరణాల స్పెక్ట్రోస్కోపీతో ఏళ్ళ తరబడి ఓపిగ్గా కొలిచినవి. ఆ పనిని విశాఖకు తెచ్చినవారు స్వామి జ్ఞానానంద. పశ్చిమ గోదావరి బిడ్డ, సన్యాసి. ఐరోపాలో భౌతికశాస్త్రం చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగానికి పునాది వేశారు.

సమూహ నమూనా వేరు, షెల్ మోడల్ వేరు అనుకోనవసరం లేదు. 1955లో స్వెన్ నిల్సన్ కోలగా సాగిన కేంద్రకంలో కక్ష్యలు ఎలా ఉంటాయో లెక్కగట్టాడు. 1958లో జేమ్స్ ఎలియట్, షెల్ మోడల్‌లోని న్యూక్లియాన్లను సరైన పద్ధతిలో కలిపితే తిరిగే స్థాయిల వరస దానంతటదే పుడుతుందని చూపాడు. 1967లో స్ట్రుటిన్‌స్కీ ద్రవబిందువునూ ఇదే దారికి తెచ్చాడు. సగటు శక్తి ద్రవబిందువు నుంచి, దాని మీద చిన్న సవరణ కర్పరాల నుంచి తీసుకున్నాడు. సీసం దగ్గర మనకు కనిపించిన ఎనిమిది ఎంఈవీలు ఆ సవరణే. 104 దాటిన మూలకాలు ద్రవబిందువు లెక్కలో నిలవనే నిలవవు. 118వ మూలకం దాకా చేయగలిగామంటే ఆ సవరణ వల్లనే. 114 ప్రోటాన్లు, 184 న్యూట్రాన్ల చుట్టుపక్కల ఎక్కువకాలం బతికే కేంద్రకాలుంటాయని చాలా లెక్కలు చెబుతున్నాయి. ప్రోటాన్లలో 120 అనీ, 126 అనీ చెప్పే లెక్కలూ ఉన్నాయి. 184 న్యూట్రాన్ల దాకా ఇంకా ఎవరూ చేరలేదు.

ఆక్సిజన్-28: మ్యాజిక్ చెదిరిన చోటు

ఆక్సిజన్-28లో 8 ప్రోటాన్లు, 20 న్యూట్రాన్లు. రెండూ మ్యాజిక్ సంఖ్యలే. గట్టిగా ఉండాలి. రికెన్‌లో ఫ్లోరిన్-29 నుంచి ఒక ప్రోటాన్‌ను కొట్టేసి దీన్ని తయారుచేశారు. వెంటనే నాలుగు న్యూట్రాన్లు వదిలి ఆక్సిజన్-24గా మారిపోయింది.

నిజానికి ఇలాంటి హెచ్చరికలు అంతకుముందే వచ్చాయి. 1975లో సెర్న్‌లో సోడియం ఐసోటోపుల బరువులు తూచినప్పుడు 20 న్యూట్రాన్ల దగ్గర రావాల్సిన ప్రత్యేకత కనిపించలేదు. 1985లో ఇసావో తనిహాతా బృందం లిథియం-11 ఉండాల్సినదానికన్నా చాలా పెద్దదని గమనించింది. చివరి రెండు న్యూట్రాన్లను 0.37 ఎంఈవీలతో ఊడదీయొచ్చు. అంత వదులుగా పట్టుకుని ఉన్నవి మిగతా భాగానికి దూరంగా పరుచుకుపోయాయి. కేంద్రకాల సాంద్రత ఒక్కటే అన్న తొలి సూత్రం ఇక్కడ పనిచేయదు.

ఎందుకిలా? మ్యాజిక్ సంఖ్యలు కక్ష్యల మధ్య ఖాళీల వల్ల వస్తాయి. కక్ష్యలేమో మిగతా న్యూక్లియాన్లన్నీ కలిసి కల్పించే సగటు బలం వల్ల ఏర్పడతాయి. ప్రోటాన్లకూ న్యూట్రాన్లకూ మధ్య నిష్పత్తి బాగా మారితే ఆ సగటు బలం మారుతుంది, కక్ష్యలు జరుగుతాయి, పాత ఖాళీ మూసుకుని కొత్తది తెరుచుకుంటుంది. ఆక్సిజన్‌లో 16 న్యూట్రాన్ల దగ్గర కొత్త ఖాళీ వచ్చింది, అందుకే ఆక్సిజన్-24 గట్టిగా ఉంటుంది. మేయర్ సంఖ్యలు స్థిరమైన కేంద్రకాల సంఖ్యలు. ఆమె చూపిన కారణం చెక్కుచెదరలేదు. ఆ కారణం వేరేచోట వేరే సంఖ్యలను ఇస్తోంది.

అడుగు నుంచి లెక్కగట్టడం

నమూనాలన్నీ పక్కన పెట్టి, న్యూక్లియాన్ల మధ్య బలం నుంచే కేంద్రకాన్ని లెక్కగట్టలేమా? ఇరవై ముప్పై ఏళ్ళుగా ఈ ప్రయత్నం జోరుగా సాగుతోంది. బలాన్ని క్వార్కుల (న్యూక్లియాన్ల లోపలి కణాల) సిద్ధాంతంతో ముడిపెట్టి ఒక క్రమపద్ధతిలో రాయొచ్చని స్టీవెన్ వైన్‌బర్గ్ 1990ల మొదట్లో దారి చూపాడు. సూపర్ కంప్యూటర్లు వచ్చాక అది సాధ్యపడింది.

ఇందులో తేలిన ముఖ్య విషయం మూడు కణాల బలం. మూడు న్యూక్లియాన్లు దగ్గరగా ఉంటే వాటి మధ్య బలం జంటల బలాల కూడిక మాత్రమే కాదు, అదనంగా ఇంకొంత ఉంటుంది. జంటల బలాలతోనే లెక్క వేస్తే ఆక్సిజన్-28 నిలిచి ఉండాలి. మూడు కణాల బలాన్ని చేరిస్తే స్థిరత్వం ఆక్సిజన్-24 దగ్గరే ఆగిపోతుందని తకహారు ఒత్సుకా బృందం 2010లో చూపింది. కార్బన్-12లో 7.65 ఎంఈవీల దగ్గరున్న స్థాయి మరో పరీక్ష. మూడు హీలియం కేంద్రకాలు వదులుగా కలిసినట్టుండే ఆ స్థాయి నక్షత్రాల్లో కార్బన్ పుట్టడానికి తప్పనిసరి. అక్కడ ఉండి తీరాలని ఫ్రెడ్ హాయిల్ 1953లో అంటే, ప్రయోగంలో దొరికింది. షెల్ మోడల్‌కు అది ఎప్పుడూ కొరుకుడు పడలేదు. 2011లో అడుగు నుంచి వేసిన లెక్కలో అది కనిపించింది.

2022 నాటికి ఈ పద్ధతి సీసం-208 దాకా చేరింది. అక్కడే ఒక తగువు మొదలైంది. సీసంలో న్యూట్రాన్లు ఎక్కువ కాబట్టి అంచున న్యూట్రాన్ల పొర ఒకటి ఉంటుంది. దాని మందం 0.14 నుంచి 0.20 ఫెర్మీలని లెక్క చెప్పింది. జెఫర్సన్ ల్యాబ్ 2021లో కొలిచిన విలువ 0.28, అటూ ఇటూ 0.07. అదే ల్యాబ్ కాల్షియం-48 మీద కొలిస్తే పొర పలచగా, 0.12 దగ్గర వచ్చింది. అది లెక్కలతో కలిసింది. సీసానికి మందపాటి పొర, కాల్షియానికి పలచటి పొర: రెండింటినీ ఒకేసారి సంతృప్తిపరిచే నమూనా కట్టడం కష్టంగా ఉంది.

కొలతలో అనిశ్చితి పెద్దది, అసలు విలువ దాని కింది అంచున ఉండొచ్చన్నది ఒక వాదన. రెండు ప్రయోగాలూ నిజమే చెబుతున్నాయి, న్యూట్రాన్లు కిక్కిరిసినప్పటి బలం గురించి మన సూత్రాల్లో ఏదో లోటుందన్నది ఇంకో వాదన. ప్రస్తుతానికి నాకు మొదటిదే బలంగా అనిపిస్తుంది, ఒక్క కొలత మీద ఇంత బరువు మోపడం తొందరపాటు కాబట్టి. అయితే తేడా నిజమైతే పర్యవసానం పెద్దది. సీసం అంచున న్యూట్రాన్లను బయటికి నెట్టే ఒత్తిడే న్యూట్రాన్ నక్షత్రాల పరిమాణాన్నీ నిర్ణయిస్తుంది. జర్మనీలోని మైన్‌జ్‌లో కడుతున్న కొత్త యాక్సిలరేటర్‌లో సీసం-208 పొరను మరింత కచ్చితంగా కొలిచే ప్రయోగానికి ప్రణాళిక సిద్ధం చేశారు.